ఓడలో కాపలా ఎవరి వంతు?

"అమ్మకీ సెలవే!" పోయిన వేసవిలో మా ఊళ్లో ఒక ట్రావెల్స్ వాళ్లు పంచిపెట్టిన కరపత్రంలో ఎర్రటి అక్షరాల్లో ఉన్న మాట ఇది. కింద తెల్లటి ఓడ బొమ్మ. ఓడ మీద ఈతకొలను, జారుడుబల్ల, కేరింతలు కొడుతున్న పిల్లలు. వాళ్లకి కాస్త దూరంగా పడక్కుర్చీలో హాయిగా కళ్లు మూసుకున్న ఓ అమ్మ. నిజం చెప్పొద్దూ, నేను పడిపోయింది ఈతకొలను చూసి కాదు. ఆ పడక్కుర్చీ చూసి!

మూడో క్లాసు చదివే పాప, రెండున్నరేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు, పొద్దున తొమ్మిదింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి వచ్చే మావారు. ఇదీ మా సంసారం. ఏ ఊరు వెళ్లినా నాకు గది మారుతుందే గానీ పని మారదు. తిరుపతిలోనైనా, ఊటీలోనైనా పాలు కాచేదీ, తడిబట్టలు ఆరేసేదీ, "బాబేడీ?" అని పది నిమిషాలకోసారి వెతుక్కునేదీ నేనే. అందుకే చీటీ పాడిన డబ్బు చేతికి రాగానే, "ఈసారి ఓడెక్కుదాం" అన్నాను. హైదరాబాదు నుంచి సింగపూరుకి విమానం, అక్కణ్ణుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణం. మా అత్తగారు కూడా "సముద్రం మీద సూర్యోదయం చూస్తానే అమ్మాయ్" అంటూ బయల్దేరారు.

ఓడ పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయను. అవసరం కూడా లేదు. ఎందుకంటే నేను చెప్పబోయేది వాళ్ల తప్పు కాదు. మా ఇంటి తప్పు. బహుశా మీ ఇంటిది కూడా.

ఈ ఓడ ముచ్చట్లు ఇప్పుడెందుకు?

మన తాతల కాలంలో ఓడెక్కడమంటే పొట్టకూటి కోసం రంగూను వెళ్లడం. సరదాకి ఓడెక్కే రోజులు మన ఇళ్లల్లోకి ఈమధ్యనే వచ్చాయి. 2022 జూన్ 8న 'ఎంప్రెస్' అనే విహార నౌక చెన్నై నుంచి విశాఖ రేవుకి వచ్చినప్పుడు జనం పెళ్లివారిని చూసినట్టు చూశారు. 2023 సెప్టెంబరు 4న విశాఖలో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్‌ని కేంద్రమంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. 2024 సెప్టెంబరు 30న ముంబయిలో 'క్రూజ్ భారత్ మిషన్' మొదలైంది. 2029 నాటికి ఓడల్లో విహరించేవాళ్ల సంఖ్య రెట్టింపు కావాలన్నది దాని లక్ష్యం. సముద్రమే కాదు, నదులు, జలాశయాలు కూడా ఆ పథకంలో ఉన్నాయి.

బాగానే ఉంది. రేవులు బాగుపడితే, నలుగురికి ఉద్యోగాలొస్తే ఎవరికి చేదు? కానీ ఈ వార్తలన్నీ వరసగా చదువుతుంటే నాకొకటి తట్టింది. వీటిల్లో కోట్ల లెక్కలున్నాయి, ఓడ పొడవు ఉంది, ఎంతమంది పడతారో ఉంది. ఆ ఎక్కేవాళ్లలో మూడేళ్ల పిల్లలుంటారనీ, వాళ్లని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలనీ మాత్రం ఎక్కడా లేదు. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నది ప్రభుత్వానికీ తెలుసు, కంపెనీకీ తెలుసు, మనకీ తెలుసు. అందుకే ఎవరూ అడగరు.

మొదటి ఆట... లైఫ్ జాకెట్టు

ఓడెక్కగానే పాప ఈతకొలనుకేసి పరిగెత్తింది. మావారు ఫలహారశాలకేసి నడిచారు. ఇంతలో మైకులో ప్రకటన. అందరూ మీమీ గుమిగూడే చోటికి రండి, ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపిస్తాం అని. "సినిమా మొదలవకముందు వేసే వార్తాచిత్రంలా ఉందే" అని మావారు విసుక్కున్నారు.

అదేమీ వార్తాచిత్రం కాదు. దాని వెనక చాలామంది ప్రాణాలున్నాయి. 1912లో టైటానిక్ మునిగాక, సముద్రం మీద ప్రాణరక్షణ కోసం కొన్ని దేశాలు కలిసి 1914లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. సోలాస్ అంటారు దాన్ని. ఆ తర్వాత ఎన్నోసార్లు మార్చారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక రాయిని గుద్దుకుని ఒరిగిపోతే 32 మంది చనిపోయారు. కొత్తగా ఎక్కినవాళ్లకి అప్పటికింకా జాగ్రత్తలు చెప్పనే లేదు. ఎందుకంటే ఎక్కిన 24 గంటల్లోపు చెబితే చాలన్నది అప్పటి రూలు. ఆ తర్వాత దాన్ని మార్చి, ఓడ బయల్దేరకముందే లేదా బయల్దేరిన వెంటనే చెప్పి తీరాలన్నారు. 2015 జనవరి 1 నుంచి అదే అమలవుతోంది.

ఇదంతా నాకు అప్పుడు తెలీదు, ఇంటికొచ్చాక చదువుకున్నాను. ఆ రోజు తెలిసిందల్లా ఒక్కటే. అక్కడున్న అమ్మాయి మా బాబుని చూసి, లోపలికెళ్లి వాడి కొలతకి సరిపోయే చిన్న జాకెట్టు తెచ్చి తొడిగింది. కాళ్ల మధ్య నుంచి ఒక పట్టీ తీసి బిగించింది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూసింది. జాకెట్టుతోపాటు పిల్లాడూ లేచాడు. "ఇలా లేవాలి. జాకెట్టు ఒక్కటే పైకొచ్చి చెవుల దాకా వస్తే అది వీడిది కాదన్నమాట" అని చెప్పింది. పిల్లలందరికీ సరిపోయేటన్ని చిన్న జాకెట్లు ఓడలో ఉండాలన్నది కూడా ఆ సోలాస్ రూలే.

మా అత్తగారు చీర మీద జాకెట్టు కట్టించుకుని, "ఎలా ఉన్నానే?" అంటే పాప పడీ పడీ నవ్వింది. ఆ మూడు రోజుల్లో మా అయిదుగురం కలిసి ఆడిన మొదటి ఆట అదే.

పిల్లల క్లబ్బు గుమ్మం దగ్గర

మర్నాడు పొద్దున పిల్లల క్లబ్బుకి వెళ్లాం. చాలా విహార నౌకల్లో అలాంటిదొకటి ఉంటుంది. రంగులు వేయిస్తారు, కథలు చెబుతారు, నిధి వెతికే ఆట ఆడిస్తారు, రాత్రిపూట చిన్న నాటకాలు వేయిస్తారు. పాపని సంతకం పెట్టించుకుని లోపలికి తీసుకున్నారు. మళ్లీ సంతకం పెడితేనే వదులుతారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

బాబు దగ్గరకొచ్చేసరికి "మూడేళ్లు నిండాయా?" అన్నారు. లేదన్నాను. "అయితే తల్లి దగ్గరే ఉండాలి" అన్నారు. చాలా ఓడల్లో మూడేళ్లు నిండి, బాత్‌రూమ్ అవసరం తనంతట తాను చెప్పగలిగిన పిల్లల్నే ఒంటరిగా ఉంచుకుంటారు. కొన్ని కంపెనీలు రెండేళ్లకే తీసుకుంటాయి. డిస్నీ వాళ్ల ఓడల్లో ఆరు నెలల పిల్లల నుంచి చూసుకునే శిశుగృహం ఉంది గానీ దానికి వేరే డబ్బు కట్టాలి. డైపర్ వేసే పిల్లల్ని మామూలు ఈతకొలనులో దిగనివ్వరు. చాలా ఓడల్లో ఈతకొలను దగ్గర కాపలాకి మనిషి కూడా ఉండడు, 'మీ పిల్లలు మీ బాధ్యత' అని బోర్డు ఉంటుంది.

వాళ్ల రూళ్లని తప్పుపట్టడం లేదు. వచ్చిన చిక్కల్లా ఆ కరపత్రంతోనే. 'అమ్మకీ సెలవే' అన్నవాళ్లు 'పిల్లలకి మూడేళ్లు నిండితే' అన్నమాట చిన్న అక్షరాల్లోనైనా వేయలేదు. నా పడక్కుర్చీ నాకు అంత దూరంలో కనిపిస్తూనే ఉంది. దాంట్లో ఎవరో తెల్లాయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు!

పన్నెండు నిమిషాలు

రెండో రోజు సాయంత్రం. పాపకి బట్టలు మార్చడానికి గదికి వెళ్తూ, మావారితో "బాబు ఇక్కడే ఉన్నాడండీ" అన్నాను. ఆయన ఫోనులో సూర్యాస్తమయం ఫొటో తీస్తూ "ఊఁ" అన్నారు. అత్తగారు పక్కనే బల్ల మీద కూర్చుని జపం చేసుకుంటున్నారు. నేను తిరిగొచ్చేసరికి ఆయన ఫోనులో మరో కోణం వెతుకుతున్నారు, ఆవిడ జపంలో ఉన్నారు. బాబు లేడు.

"బాబేడండీ?"

"నీతో రాలేదూ? నువ్వు తీసుకెళ్లావనుకున్నా."

అత్తగారు కళ్లు తెరిచి, "నీ దగ్గరున్నాడనుకున్నానురా" అన్నారు కొడుకుతో.

ముగ్గురం అనుకున్నాం. ముగ్గురిలో ఒక్కరూ చూడలేదు.

ఆ క్షణంలో నా కళ్లు మొదట వెళ్లింది ఎక్కడికో చెప్పక్కర్లేదు. రెయిలింగు వైపు. ఆ వెనక నీలంగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు సముద్రం. నా నోట మాట రాలేదు. కాళ్లు మాత్రం పరిగెత్తాయి. మేం గోదారి ఒడ్డు వాళ్లం. 2019 సెప్టెంబరు 15, ఆదివారం, కచ్చులూరు దగ్గర పడవ మునిగిన సాయంత్రం మా రాజమండ్రి ప్రభుత్వాసుపత్రి దగ్గర చేరిన జనం నాకు గుర్తే. ఆ మొహాలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి.

బాబు దొరికాడు. పైఅంతస్తులో అయిస్‌క్రీమ్ మిషను దగ్గర, ఓడలో పనిచేసే ఒక కుర్రాడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాణ్ణి చంకనేసుకున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. మొత్తం పన్నెండు నిమిషాలని మావారు తర్వాత లెక్కేశారు. ఆయన తీసిన రెండు ఫొటోల మీద ఉన్న టైము చూసి.

'తల్లి ఏం చేస్తోంది?'

మేం ఇంటికొచ్చిన కొద్ది వారాలకే పేపర్లో ఒక వార్త. 2025 జూన్ 29న, బహమాస్ నుంచి అమెరికాలోని ఫ్లోరిడాకి తిరిగొస్తున్న డిస్నీ డ్రీమ్ అనే ఓడ నుంచి ఒక చిన్నపిల్ల సముద్రంలో పడిపోయింది. తండ్రి వెంటనే దూకేశాడు. ఓడ వెనక్కి తిరిగి, చిన్న పడవ దింపి ఇద్దర్నీ బతికించారు. తండ్రి దాదాపు ఇరవై నిమిషాలు పిల్లని నీటి మీద తేలుస్తూ ఉన్నాడట. పిల్ల రెయిలింగు మీద కూర్చున్నప్పుడు తల్లి ఫొటో తీస్తోందని, పిల్ల పట్టు తప్పి వెనక్కి పడిపోయిందని పోలీసులు చెప్పారు.

ఆ వార్త వినగానే మా వీధిలో నలుగురు ఆడవాళ్లం కలిసి మొదట అన్న మాట... "ఆ తల్లికి బుద్ధి లేదూ?"

నేనూ అన్నాను! నెల కిందట పన్నెండు నిమిషాలు నరకం చూసినదాన్ని, నేనే అన్నాను. ఆ రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే సిగ్గనిపించింది. తండ్రి దూకితే వీరుడన్నాం. అది న్యాయమే. కానీ ఆ ఓడ మీద ఆ పిల్లని అంతసేపూ చూస్తూ ఉన్నది ఎవరో మనం అడగం. తండ్రి చూస్తే అది విశేషం, తల్లి చూస్తే అది మామూలు. తల్లి ఒక్క నిమిషం చూడకపోతే అది నేరం. మన ఇళ్లల్లో పిల్లల కాపలా లెక్క ఇలా ఉంటుంది. నేల మీద ఈ లెక్క మనకి వెన్నునొప్పి, విసుగు మాత్రమే మిగులుస్తుంది. నీళ్ల మీద ఇదే లెక్క ప్రాణం తీయగలదు. అలసిపోయిన కన్ను ఒక్కటే పహరా కాస్తుంటే ఎంతసేపు కాస్తుంది?

ఇంకో సంగతి కూడా మనం తెలుసుకోవాలి. సినిమాల్లోలాగా మునిగే పిల్లవాడు 'కాపాడండీ' అని అరవడు. చేతులు ఊపడు. చప్పుడు లేకుండా మునిగిపోతాడు. కాబట్టి 'పిలుస్తాడులే' అనుకోవడానికి వీల్లేదు. ఎవరో ఒకరు కళ్లతో చూస్తూ ఉండాల్సిందే.

నాలుగు గంటల వంతు

బాబు దొరికిన రాత్రి ఆ కుర్రాడికి థాంక్స్ చెబుదామని వెతుక్కుంటూ వెళ్తే, విశాఖపట్నం వాడని తేలింది. తెలుగు వినగానే "అక్కా" అన్నాడు. మాటల్లో "రాత్రంతా ఓడ నడిపేది ఎవరయ్యా? వాళ్లకి నిద్రుండదా?" అని అడిగాను. "ఒక్కరే నడపరక్కా. వంతులుంటాయి. సాధారణంగా నాలుగు గంటలు డ్యూటీ, ఎనిమిది గంటలు విశ్రాంతి. వంతు మారేటప్పుడు ఊరికే లేచి వెళ్లిపోకూడదు. ఓడ ఎటు పోతోంది, చుట్టుపక్కల ఏ ఓడలున్నాయి అన్నీ చెప్పి అప్పగించాలి. వచ్చినాయన 'నేను తీసుకున్నాను' అనాలి. ఆయన మత్తులో ఉన్నాడనిపిస్తే అప్పగించకూడదు" అన్నాడు.

గదికి తిరిగొస్తుంటే అదే మాట చెవుల్లో తిరిగింది. ఇంత పెద్ద ఓడ, ఇన్ని మిషన్లు, ఇంతమంది ఇంజనీర్లు... వాళ్లు కూడా ఒక్క మనిషి కళ్ల మీద భారం వేయడం లేదే! అప్పగించడానికి ఒక మాట, అందుకోవడానికి ఒక మాట పెట్టుకున్నారే! మన ఇళ్లల్లో పిల్లలు పుట్టినరోజు నుంచీ తల్లి డ్యూటీలోనే ఉంటుంది. మారే వంతు లేదు. మారినా అప్పగింత లేదు. 'ఊఁ' అనడం అందుకోవడం కాదు.

ఆ రాత్రే మావారితో చెప్పాను. గొడవ పడలేదు. ఆయన కూడా అప్పటికే బాగా బెదిరిపోయి ఉన్నారు. మూడో రోజుకి వంతులు వేసుకున్నాం. పొద్దున రెండు గంటలు ఆయన, తర్వాత రెండు గంటలు నేను. అత్తగారికి గదిలో పిల్లాడు పడుకున్నంతసేపు. వంతు మారేటప్పుడు పేరు పెట్టి అప్పగింత. "బాబు నీ వంతు." "బాబు నా వంతు." వంతులో ఉన్నవాళ్లకి ఫోను లేదు, జపం లేదు. పాప దీన్నీ ఆటే అనుకుంది. "నాన్నా, మీరు 'నా వంతు' అనలేదు!" అని రెండుసార్లు పట్టుకుంది.

ఆ రోజు పొద్దున నాకు పడక్కుర్చీ దొరికింది. నలభై నిమిషాలు కళ్లు మూసుకున్నాను. పెళ్లయ్యాక అంత నిశ్చింతగా కళ్లు మూసుకోవడం అదే మొదటిసారంటే నమ్మండి. ఆ నిశ్చింత 'నా వంతు' అన్న మాటతో వచ్చింది. కరపత్రం వాళ్లు అది అమ్మలేరు.

ఖర్చులేని ఆటలు

చిన్నపిల్లలతో ఓడలో పొద్దుపోయేదెలా అని అడిగేవాళ్ల కోసం మాకు పనికొచ్చినవి చెబుతాను. డబ్బు పెట్టి ఆడే ఆటల కంటే ఇవే పిల్లలకి గుర్తున్నాయి.

మొదటిది దీపాల ఆట. ప్రపంచంలో ఏ ఓడకైనా ఎడమ పక్క ఎర్రదీపం, కుడి పక్క పచ్చదీపం ఉంటాయి. ఎడమ, ఎరుపు రెండూ 'ఎ'తోనే మొదలవుతాయి, తెలుగు పిల్లలకి ఇంతకంటే తేలిగ్గా గుర్తుండేది ఏముంది? చీకటి పడ్డాక దూరంగా పోయే ఓడ దీపాన్ని చూసి అది ఎటు పోతోందో చెప్పాలి. పాప రెండో రాత్రికే నాన్నని ఓడించింది.

రెండోది లెక్కల ఆట. ఓడ వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాటు అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. ఆ రోజు వేగం ఎంతో కనుక్కుని, ఈపాటికి రాజమండ్రి నుంచి బయల్దేరితే ఎక్కడుండేవాళ్లమో చెప్పడం. 'తుని దాటేశాం', 'అనకాపల్లి వచ్చింది' అంటూ సముద్రం మీద మన ఊళ్లన్నీ తిరిగొచ్చాం.

మూడోది తప్పిపోతే ఆడాల్సిన ఆట. మాట్లాడటం వచ్చిన పిల్లలకి అంతస్తు నంబరు, గది నంబరు పాటలా నేర్పాలి. తప్పిపోతే పరిగెత్తకుండా అక్కడే నిలబడి, ఓడ యూనిఫాం వేసుకున్నవాళ్లని పిలవాలని నేర్పాలి. పసివాళ్ల చేతికి కట్టే పట్టీలు ఓడవాళ్లే ఇస్తుంటారు, ఇవ్వకపోతే అడగాలి.

నాలుగోది సబ్బు ఆట. ఓడల్లో వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి తొందరగా అంటుకుంటాయి. వాటికి ముఖ్యకారణమైన నోరోవైరస్‌కి శానిటైజరు చాలదు, సబ్బు, నీళ్లే మందు. ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా చేతులు రుద్దుకోవాలి.

అన్నిటికంటే బాగా కుదిరింది మా అత్తగారి కథాకాలక్షేపం. రాత్రి భోజనాలయ్యాక మలక్కా జలసంధి మీద గాలి వీస్తుంటే సముద్రం మీద వారధి కట్టిన కథ చెప్పారు. నాటకశాలలో దీపాల ప్రదర్శనకి వెళ్దామన్న పాప కదల్లేదు.

గదికి బాల్కనీ ఉంటే మాత్రం ఒక మాట. కుర్చీ, బల్ల రెయిలింగుకి దూరంగా లాగేయండి. పిల్లలకి అది మెట్టు. రెయిలింగు మీద కూర్చోబెట్టి ఫొటో తీసే సరదా మానుకుందాం.

మన గోదారి మీద

'ఓడెక్కే స్తోమత మాకెక్కడిది తల్లీ' అంటారేమో. నిజమే. మనలో ఎక్కువమంది పిల్లల్ని తీసుకెళ్లేది పాపికొండలకి, నాగార్జునసాగర్‌కి, భవానీ ద్వీపానికి. అక్కడికి టైటానిక్ పాఠాలు ఎంతవరకూ చేరాయి?

కచ్చులూరు దగ్గర మునిగిన 'రాయల్ వశిష్ఠ'లో 26 మంది బతికారు, సుమారు 50 మంది గోదాట్లో కలిసిపోయారు. అప్పుడు నది వరద మీదుంది. బతికినవాళ్లని ఒడ్డుకి చేర్చింది పడవల్లో వచ్చిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. పడవని పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. అంతకంటే నన్ను కలచివేసింది, అందులో ఎంతమంది ఎక్కారన్న లెక్క కొన్ని రోజులపాటు తేలకపోవడం. లెక్కే లేకపోతే వెతికేది ఎవరిని?

కేరళలోని తానూరులో 2023 మే 7న మునిగిన పడవలో పోయిన 22 మందిలో 15 మంది పిల్లలే. ఎక్కించాల్సినవాళ్ల కంటే ఎక్కువమందిని ఎక్కించారు. 2024 జనవరి 18న వడోదర చెరువులో బడిపిల్లల విహారయాత్ర 12 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని మింగేసింది. చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. 2021లో దేశానికంతటికీ కొత్తగా లోతట్టు జలరవాణా నౌకల చట్టం వచ్చింది. పడవల రిజిస్ట్రేషను, తనిఖీ దాని ప్రకారం జరగాలి. చట్టం ఉంది సరే. రేవులో టికెట్టు చింపే చోట అది కనిపించాలి కదా?

ఈ సంక్రాంతికి మేం పాపికొండలు వెళ్లాం. మేం ఎక్కిన లాంచీలో జాకెట్లు ఇచ్చారు. బాబుకి కూడా పెద్దవాళ్లదే ఇచ్చారు. భుజాలు పట్టుకుని పైకి లేపాను. జాకెట్టు వచ్చింది, పిల్లాడు రాలేదు. "చిన్నది ఇవ్వండి" అన్నాను. "ఏం కాదమ్మా, నది నిదానంగానే ఉంది" అన్నాడు. ఇదివరకటి నేనైతే ఊరుకునేదాన్నే. "చిన్నది వచ్చేదాకా మేం ఎక్కం" అన్నారు మావారు. నేను కాదు, మావారు! వెనకున్న ఇద్దరు తల్లులు కూడా "మా పిల్లలకీ కావాలి" అన్నారు. పది నిమిషాల్లో ఎక్కణ్ణుంచో మూడు చిన్న జాకెట్లు వచ్చాయి. అంటే ఉన్నాయన్నమాట. అడిగేవాళ్లు లేరంతే.

కాబట్టి రేవులో మనం అడగాల్సినవి నాలుగే. మా పిల్లాడి కొలత జాకెట్టు ఏది? టికెట్టు లేని చంటిపిల్లలు కూడా మీ లెక్కలో ఉన్నారా? ఈ పడవకి ఎంతమంది, ఇప్పుడెంతమంది ఎక్కారు? ఏదైనా అయితే ఏం చేయాలో తెలుగులో చెప్పేదెవరు? వీటికి జవాబు లేని పడవని వదిలేసి ఒడ్డున పులిహోర తిని రావడమే నయం.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటి. విశాఖ టెర్మినల్ అయినా, గండిపోచమ్మ రేవు అయినా, అక్కడి ఏర్పాట్లు సరిపోయాయో లేదో కొలిచేటప్పుడు ఎక్కేవాళ్లందరిలోకీ చిన్నవాణ్ణి నిలబెట్టి కొలవాలి. వాడికి సరిపడే జాకెట్టు, వాడు దూరలేని రెయిలింగు, వాడి పేరున్న జాబితా ఉంటే మిగతావాళ్లందరికీ ఉన్నట్టే.

ఇంట్లో అడగాల్సింది మాత్రం మనమే అడగాలి. సెలవులకి బ్యాగులు సర్దేటప్పుడే, టికెట్ల పక్కనే వంతుల కాగితం కూడా రాసి పెట్టండి. "నువ్వు చూస్తున్నావనుకున్నా" అన్న మాట మన ఇళ్లల్లోంచి వెళ్లిపోవాలి. ఇప్పుడు మా బాబుకి మూడేళ్లు నిండాయి. నిన్న మేడ మీద ఆడుకుంటూ, నేను కిందికి దిగబోతుంటే వాళ్ల నాన్న కొంగు... అదే, చొక్కా అంచు పట్టుకుని, "నా వంతు అను నాన్నా" అన్నాడు.

ఆయన ఫోను జేబులో పెట్టి, "నా వంతురా" అన్నారు. నేను నిశ్చింతగా దిగొచ్చి ఈ నాలుగు ముక్కలూ రాశాను. మరి మీ ఇంట్లో కాపలా ఎవరి వంతు?